గీత పడ్డాక ఏం చేస్తాం?

2025 జనవరిలో పుణె ఆసుపత్రులకు ఒకే రకం రోగులు వరసగా రాసాగారు. ముందు కొన్ని రోజులు విరేచనాలు, ఆ తర్వాత కాళ్లలో పట్టు తప్పడం, చేతులు లేవకపోవడం, కొందరికి ఊపిరి అందక వెంటిలేటర్. గులియన్ బారీ సిండ్రోమ్ అనే ఈ జబ్బు చాలా అరుదు. అలాంటిది కొన్ని వారాల్లోనే అనుమానిత కేసులు రెండు వందలు దాటాయి. సింహగఢ్ రోడ్డు, కిర్కట్‌వాడీ, నాందేడ్ గ్రామం (మనవాళ్లు ఎక్కువగా ఉండే మరాఠ్వాడా నాందేడ్ కాదు, పుణె పక్కనే ఉన్న ఊరు) ప్రాంతాల పేర్లు రోజూ పత్రికల్లో కనిపించాయి. కొందరు రోగుల మలం నమూనాల్లో కాంపైలోబ్యాక్టర్ జెజునై అనే బ్యాక్టీరియా దొరికింది. అనుమానం తాగునీటి మీదికి వెళ్లింది.

అంతకు ముందు 2022 జూలైలో కారైకాల్‌లో కలరా బయటపడింది. పుదుచ్చేరి ప్రభుత్వం ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించి, అక్కడి బడులకూ కాలేజీలకూ మూడు రోజులు సెలవిచ్చింది. కారైకాల్‌కూ యానాంకూ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉన్నా రెండూ ఒకే పాలన కిందివి. అందుకే ఆ వార్త యానాం ఇళ్లలోనూ గుబులు రేపింది.

ఇలాంటి ప్రతి సందర్భంలోనూ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే. కోవిడ్ వచ్చిందో లేదో పావుగంటలో చెప్పే కిట్ ఇంటికే వచ్చింది కదా, మరి బడి కుళాయి నీటిలో ప్రాణాలు తీసే బ్యాక్టీరియా ఉందో లేదో అక్కడికక్కడే చెప్పే పరికరం ఎందుకు లేదు? న్యాయమైన ప్రశ్నే. అలాంటి పరికరాలు ఉన్నాయి, కొత్తవి వస్తున్నాయి. వాటికి బయోసెన్సర్లని పేరు. అయితే అవి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు, అవి చెప్పిన మాట విని మనం ఏం చేయాలి అన్న సంగతులు కిట్ డబ్బా మీద ఉండవు. కొనే ముందే వాటిని మాట్లాడుకోవాలి.

బయోసెన్సర్ అంటే మనకు తెలియనిదేమీ కాదు. షుగర్ ఉన్న ఇంట్లో టేబుల్ సొరుగులో ఉండే గ్లూకోమీటరు బయోసెన్సరే. దాని పట్టీ మీద ఒక ఎంజైమ్ ఉంటుంది. అది రక్తంలోని గ్లూకోజును మాత్రమే గుర్తుపడుతుంది. ఆ గుర్తింపు చిన్న విద్యుత్ ప్రవాహంగా మారుతుంది, యంత్రం దాన్ని అంకెగా చూపిస్తుంది. గుర్తుపట్టేది జీవ పదార్థం, కనిపించేలా చేసేది పరికరం. కోవిడ్ పట్టీలో ఎంజైముకు బదులు యాంటీబాడీలు ఉంటాయి, అంకెకు బదులు ఎర్ర గీత పడుతుంది. బ్యాక్టీరియా కోసం చేసే క్షేత్రస్థాయి పరికరాల్లోనూ ఇదే సూత్రం. కొన్నింటిలో యాంటీబాడీలు, కొన్నింటిలో బ్యాక్టీరియా డీఎన్ఏకు అతుక్కునే చిన్న ముక్కలు, మరికొన్నింటిలో బ్యాక్టీరియాను వేటాడి తినే ఫేజ్ వైరస్‌లు గుర్తుపట్టే పని చేస్తాయి.

మరి షుగర్ చూసినంత తేలిగ్గా బ్యాక్టీరియాను ఎందుకు చూడలేం? రక్తపు చుక్కలో గ్లూకోజు పుష్కలంగా ఉంటుంది. నీటిలో బ్యాక్టీరియా సంగతి వేరు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కొలి ఒక్కటి కూడా కనిపించకూడదు. వంద మిల్లీలీటర్లంటే చిన్న గ్లాసులో సగం. కాగితపు పట్టీ మీద మనం వేసేది రెండు మూడు చుక్కలు, అంటే ఒక మిల్లీలీటరులో పదో వంతు. సగం గ్లాసు నీటిలో పది బ్యాక్టీరియా ఉన్నాయనుకోండి. వెయ్యి భాగాల్లో ఒక్క భాగం తీసి పట్టీ మీద వేస్తే వాటిలో ఒక్కటైనా ఆ చుక్కలోకి వస్తుందా? ఎక్కువసార్లు రాదు. వచ్చినా గీత పడదు, ఎందుకంటే గీత కంటికి కనిపించాలంటే వేల సంఖ్యలో ఉండాలి.

కాబట్టి నీటి పరీక్షలో బ్యాక్టీరియాను ముందు పెంచాలి. అనుకూలమైన వెచ్చదనం, ఆహారం దొరికితే ఈ-కొలి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్కటి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. ఏడో తరగతి పిల్లలు ఘాతాంకాల పాఠంలో చేసి చూడగల లెక్క ఇది. అసలు నీటిలో అంత వేగంగా పెరగవు, అందుకే పరీక్షకు ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండు నిమిషాల్లో నీటిలోని బ్యాక్టీరియా అంతా చెప్పేస్తామని ఎవరైనా పరికరం పట్టుకుని బడి గుమ్మంలోకి వస్తే, ఈ చుక్కల లెక్క అడిగితే చాలు.

తపాలా కార్యాలయంలో నెగెటివ్

ప్రమాదకరమైన బ్యాక్టీరియాను అప్పటికప్పుడు పట్టే పరికరాల మీద ప్రభుత్వాలు భారీగా డబ్బు పెట్టడానికి కారణం 2001 శరదృతువులో అమెరికాలో జరిగిన ఘటన. పత్రికా కార్యాలయాలకు, టీవీ సంస్థలకు, ఇద్దరు సెనేటర్లకు ఎవరో ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరాలు పంపారు. 22 మందికి వ్యాధి సోకింది, ఐదుగురు చనిపోయారు. ఆంత్రాక్స్ అంటే మన రైతులు దొమ్మ రోగం అనేదే. పశువుల జబ్బు. పొడి రూపంలో ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషికి ప్రాణాంతకం.

ఆ కథలో రెండు ఘట్టాలు మన చర్చకు పనికొస్తాయి. మొదటిది ఫ్లోరిడాలోనిది. తొలి రోగిని పట్టుకున్నది ఏ సెన్సరూ కాదు. లారీ బుష్ అనే అంటువ్యాధుల వైద్యుడు ఆ రోగి వెన్ను నీటిని సూక్ష్మదర్శిని కింద చూసి, అందులో కడ్డీల్లాంటి బ్యాక్టీరియా ఉండడం గమనించి అనుమానించారు. పుణెలోనూ మొదటి హెచ్చరిక ఇచ్చింది పరికరం కాదు, ఇలాంటి రోగులు ఇంతమంది ఒకేసారి ఎందుకు వస్తున్నారని ఆలోచించిన వైద్యులు.

రెండోది వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రం. సెనేటర్లకు వెళ్లిన ఉత్తరాలు అక్కడి యంత్రాల్లోంచే పోయాయి. అక్టోబరు 15న సెనేటర్ కార్యాలయంలో ఉత్తరం విప్పగానే ఆ భవనంలో కలకలం రేగింది, అక్కడివారికి వెంటనే మందులిచ్చారు. తపాలా కేంద్రం మాత్రం నడుస్తూనే ఉంది. మూసిన కవరులోంచి పొడి బయటికి రాదని అప్పట్లో అధికారుల నమ్మకం. 18న అక్కడ చేతిలో ఇమిడే పట్టీలతో త్వరిత పరీక్ష చేశారు. నెగెటివ్ అని వచ్చింది. 21న కేంద్రాన్ని మూశారు. ఆ రోజున ఒకరు, మర్నాడు ఇంకొకరు, ఇద్దరు తపాలా కార్మికులు చనిపోయారు.

తప్పంతా పట్టీదే అని మేము అనడం లేదు. కవరు గురించిన నమ్మకమే పెద్ద తప్పు. కానీ నెగెటివ్ అన్న మాట ఆ నమ్మకానికి తోడైంది. పట్టీ చెప్పింది 'నేను పెట్టిన చోట, నాకు కనిపించేంత మోతాదులో, లేదు' అని. విన్నవాళ్లకు వినిపించింది 'ఇక్కడ లేదు' అని. సెనేట్ భవనంలోని వారికి దొరికిన జాగ్రత్త తపాలా కార్మికులకు ఎందుకు దొరకలేదన్న కోపం ఆ తర్వాత చాలాకాలం చల్లారలేదు. ఆ కోపంలో న్యాయముంది. 2002 జూలైలో శ్వేతసౌధపు శాస్త్ర సాంకేతిక విధాన కార్యాలయం, బజారులో దొరికే ఆంత్రాక్స్ పట్టీల మీద ఆధారపడవద్దని అక్కడి అధికార యంత్రాంగానికి సూచించింది.

ఇది లేనట్టు చూపించడం. దీనికి తలకిందులైన తప్పు, లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. 2003లో అమెరికా బయోవాచ్ అనే వ్యవస్థ పెట్టింది. ముప్పైకి పైగా నగరాల్లో గాలిని పీల్చే పెట్టెలు. అందులోని వడపోత కాగితాలను రోజూ తీసి ప్రయోగశాలలో డీఎన్ఏ పరీక్ష చేస్తారు. 2005 సెప్టెంబరులో వాషింగ్టన్ నేషనల్ మాల్ దగ్గర పెద్ద ప్రదర్శన జరిగిన రోజుల్లో అక్కడి పెట్టెల్లో తులరేమియా బ్యాక్టీరియా జాడ దొరికింది. ఎవరికీ జబ్బు చేయలేదు. ఆ బ్యాక్టీరియా, దాని దగ్గరి బంధువులు మట్టిలో, కుందేళ్లలో సహజంగానే ఉంటాయి. బయోవాచ్‌కు ఇలాంటి జాడలు ఆ తర్వాతా చాలాసార్లు దొరికాయి. ఒక్కటి కూడా దాడి కాదు. దాన్ని పూర్తిగా యాంత్రికం చేసి గంటల్లో ఫలితం ఇప్పించాలన్న పథకాన్ని 2014లో మానుకున్నారు.

ఆంత్రాక్స్‌కు కూడా చుట్టాలు తక్కువేమీ లేరు. బాసిల్లస్ సీరియస్ అనేది వండి గంటల తరబడి వేడిలో వదిలేసిన అన్నంలో పెరిగి వాంతులు తెప్పించేది. బాసిల్లస్ తురింజెన్సిస్ అనేది రైతులు పురుగుల మీద చల్లే బీటీ. ముగ్గురూ ఒకే కుటుంబం. యాంటీబాడీ కొంచెం ఏమరితే చుట్టాన్ని చూసి దొంగ అని కేక పెడుతుంది.

నల్లబల్ల మీద ఒక లెక్క

ఇక్కడ గణితం టీచర్లకు ఒక పని చెబుతాం. ఊహించుకున్న అంకెలే, కానీ లెక్క నిజం. వెయ్యి నమూనాలు ఉన్నాయి. నిజంగా చెడినవి పది. కిట్ చెడ్డ వాటిలో పదింటికి తొమ్మిదిని పట్టుకుంటుంది. మంచివాటిలో వందకు ఐదింటిని పొరపాటున చెడ్డవి అంటుంది. డబ్బా మీద చదివితే మంచి కిట్ అనే అనుకుంటాం. ఇప్పుడు లెక్క వేయండి. పది చెడ్డవాటిలో తొమ్మిదికి గీత పడుతుంది. మిగిలిన 990 మంచివాటిలో దాదాపు యాభైకి గీత పడుతుంది. మొత్తం గీతలు 59. అందులో నిజమైనవి తొమ్మిదే. గీత పడిన ప్రతి ఆరింటిలో ఐదు ఉత్తుత్తివి.

అదే కిట్. ఊళ్లో రోగం ముదిరి వెయ్యిలో సగం చెడ్డవే అయిన రోజున వాడండి. 500 చెడ్డవాటిలో 450కి గీత, 500 మంచివాటిలో 25కి గీత. ఇప్పుడు గీత పడిందంటే దాదాపు ఖాయమే. కిట్ మారలేదు, ఊరి పరిస్థితి మారింది. ఊరి సంగతి తెలియకుండా గీతను ఒక్కదాన్నే చదవలేం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు శాతాల పాఠంలో వడ్డీ లెక్కల పక్కనే ఈ లెక్కనూ పెట్టొచ్చు. దుకాణంలోనూ ఆసుపత్రిలోనూ జీవితాంతం పనికొస్తుంది.

కలరాకు వాడే పట్టీల్లో ఈ జాగ్రత్తను ముందే చెప్పి ఉంచారు. సూరత్‌లో తయారై ప్రపంచమంతా తిరిగిన క్రిస్టల్ వీసీ లాంటి పట్టీ రోగి మలం నమూనాతో పావుగంటలో ఫలితం ఇస్తుంది. కలరా నిపుణులు దాన్ని వాడమనేది ఊళ్లో కలరా మొదలైందా అని తొందరగా పసిగట్టడానికి. ఒక్కో రోగికి కలరా అవునా కాదా అని తేల్చడానికి కాదు. ధ్రువీకరణకు ప్రయోగశాలలో కల్చరో పీసీఆరో ఉండనే ఉంది. రోగికి ఓఆర్ఎస్ ఇవ్వడం గీత కోసం ఆగదు. నీళ్ల విరేచనాలు అవుతున్న పిల్లాడికి ఏ బ్యాక్టీరియా అయినా మొదట చేయాల్సింది అదే.

ఇంతవరకు చదివి ఈ పరికరాలన్నీ దండగ అనుకుంటే అది మా ఉద్దేశం కాదు. ఆ తపాలా భయం నుంచే మన జిల్లా ఆసుపత్రులకు ఒక మేలు వచ్చింది. 2001 తర్వాత అమెరికా తపాలా శాఖ ఉత్తరాలు వేరుచేసే యంత్రాల మీది గాలిని పీల్చి, అందులో ఆంత్రాక్స్ డీఎన్ఏ ఉందేమో అక్కడికక్కడే చూసే యంత్రాలు పెట్టింది. వాటిలోని గుండెకాయ జీన్‌ఎక్స్‌పర్ట్ అనే సాంకేతికత. నమూనాను చిన్న కార్ట్రిడ్జిలో వేస్తే చాలు, శుద్ధి చేయడం, డీఎన్ఏను పెంచడం, చదవడం అన్నీ అదే చేసుకుంటుంది. అదే యంత్రానికి తర్వాత క్షయ బ్యాక్టీరియాను గుర్తుపట్టడం నేర్పారు. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. కల్చర్‌లో వారాలు పట్టే సంగతిని, పైగా రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా, రెండు గంటల్లోపు చెబుతుంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీబీనాట్ అని బోర్డు మీద రాసి ఉండేది ఈ యంత్రాన్నే. ఆ తర్వాత గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ, బెంగళూరులోని బిగ్‌టెక్ ల్యాబ్స్‌తో కలిసి ట్రూనాట్ తెచ్చింది. అది బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు నిలకడలేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ పెట్టుకోవచ్చు. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది.

ఇవి ఎందుకు పనిచేశాయి? పరీక్షకు వచ్చేవాళ్లు రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు. అంటే ఊరందరూ కాదు, అనుమానం ఉన్నవాళ్లు. నల్లబల్ల మీద రెండో లెక్క వైపు జరిగిన పరిస్థితి. పైగా పాజిటివ్ వస్తే ఏ మందు, ఎన్ని నెలలు, ఎవరు ఇస్తారు అన్నది ముందే రాసిపెట్టి ఉంది. గాలిలో జాడ దొరికితే నగరాన్ని ఏం చేయాలో బయోవాచ్‌కు అంత స్పష్టంగా ఎప్పుడూ లేదు.

కోరాపుట్‌లో పశువు చచ్చిన రోజున

ఆంత్రాక్స్ మనకు ఉత్తరాల్లో రాదు, మట్టిలోంచి వస్తుంది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఇది తరచూ కనిపించే జబ్బు, పక్కనే ఉన్న అరకు ప్రాంతంలోనూ కేసులు వచ్చాయి. తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న నేల అది. ఆంత్రాక్స్ బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. మేసే పశువు వాటిని మింగి హఠాత్తుగా చస్తుంది. ముక్కు, నోటి నుంచి నల్లటి రక్తం కారుతుంది, అది తొందరగా గడ్డకట్టదు. చచ్చిన పశువును కోసి మాంసం పంచుకున్నా, తోలు వలిచినా మనుషులకు సోకుతుంది. చేతి మీదో మెడ మీదో చిన్న పొక్కు లేచి, నడుమ నల్లగా చెక్కు కడుతుంది. నొప్పి ఉండదు, అందుకే పట్టించుకోరు. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే నయమవుతుంది.

భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్నారు. మనుషుల వైద్యులు, పశువైద్యులు, ఊరివాళ్లు కలిసి పనిచేస్తేనే రోగం తగ్గుతుందన్నది వాళ్ల దారి. త్వరిత పరీక్షకు ఇక్కడ తప్పకుండా చోటుంది. పశువైద్యుడు చెవి దగ్గర సూదితో ఒక్క చుక్క రక్తం తీసి చూడగలిగితే కళేబరాన్ని కోయకుండానే సంగతి తేలుతుంది. కానీ ఆ చుక్క తీసే అవకాశం దొరకాలంటే పశువు చచ్చిన కబురు కత్తి కంటే ముందు పశువైద్యుడికి చేరాలి. పేద ఇంట్లో ఒక ఎద్దు చచ్చిందంటే పోయింది ఎద్దు మాత్రమే కాదు, ఒక ఏడాది సేద్యం. కనీసం మాంసమైనా దక్కాలనుకోవడం తెలివితక్కువతనం కాదు, అవసరం. నష్టపరిహారం సంగతి మాట్లాడకుండా 'కోయవద్దు' అని గోడ మీద రాస్తే ఎవరు వింటారు? ఖరీదైన సెన్సర్ కొనడానికి ముందు ఆ పరిహారం, పశువులకు ఏటా వేయాల్సిన టీకా, ఈ రెండూ సరిగా అందుతున్నాయా అని చూడాలన్నది మా అభిప్రాయం.

ఆ ప్రాంతపు బడుల్లో ఉపాధ్యాయులు చేయగలిగింది ఒకటుంది. హఠాత్తుగా చచ్చిన పశువును ముట్టుకోవద్దని, అది ఎక్కడ పడి ఉందో వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలని పిల్లలకు చెప్పి ఉంచడం. మేకల వెంట, ఆవుల వెంట తిరిగేది వాళ్లే. చాలా ఇళ్లలో కబురు మొదట తెచ్చేది కూడా వాళ్లే.

బడి కుళాయి

ఇప్పుడు మన కుళాయి దగ్గరికి వద్దాం. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు నీటి పరీక్ష కిట్లు వచ్చాయి. ఊరికి కనీసం ఐదుగురికి, వీలైతే ఆడవాళ్లకు, శిక్షణ ఇవ్వాలన్నది నియమం. బడులకు, అంగన్‌వాడీలకు కుళాయి నీరివ్వడానికి 2020 అక్టోబరు 2న ప్రత్యేక ప్రచారం మొదలుపెట్టారు. ఆ కిట్లలో బ్యాక్టీరియా కోసం ఉండేది చిన్న సీసా. నీళ్లు గీత వరకు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఈ హెచ్2ఎస్ పరీక్షను మన దేశ శాస్త్రవేత్తలు మంజా, మౌర్య, రావు 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించారు. కరెంటు అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, చూడగానే తెలిసే రంగు. బయోసెన్సర్ అని ఎవరూ పిలవలేదు గానీ మేము చూసిన క్షేత్ర పరీక్షల్లో దీన్ని మించి ఆలోచించి చేసినవి తక్కువ.

దీనికీ హద్దులున్నాయి. నల్లబడడం కలరానో టైఫాయిడో చెప్పదు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఏదో నీటిలోకి వచ్చిందని మాత్రం చెబుతుంది. గంధకం కలిసిన బోరు నీరైతే మలం లేకపోయినా నల్లబడవచ్చు. నల్లబడకపోతే కాంపైలోబ్యాక్టర్ లేదనీ కాదు. అది తక్కువ ఆక్సిజన్‌లో పెరిగే రకం, దాని కోసం వేరే పరీక్ష కావాలి. పైగా వర్షం పడిన మర్నాడు తీసిన నీరూ, వారం తర్వాత తీసిన నీరూ ఒకటి కావు. మురుగు కాలువ పక్కన పైపు పగిలితే, ఒత్తిడి తగ్గిన పూట మురికి లోపలికి లాగుతుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

బ్యాక్టీరియాను వెతకడం కంటే రోజూ చూడదగ్గది ఇంకొకటుంది, క్లోరిన్. కుళాయి చివరి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కిట్‌లోని మందు చుక్క వేస్తే నీరు రంగు మారుతుంది, పక్కనున్న రంగుల పట్టికతో పోల్చి చూడాలి. పని నిమిషంలో అయిపోతుంది. క్లోరిన్ లేదని తెలిసిన పూటే ట్యాంకులో వేయించవచ్చు. బ్యాక్టీరియా సీసా రేపు చెప్పేదానికి ఈ రోజే మందు దొరికినట్టు. ఖరీదు తక్కువ, మోజు తక్కువ, అందుకే దీన్ని ఎవరూ అమ్మడానికి రారు.

నల్లబడిన సీసా గురించి ఒక హెచ్చరిక కిట్ కాగితంలో ఉన్నా చాలామంది చదవరు. అందులో బ్యాక్టీరియా కోట్లలో పెరిగి ఉంటాయి. దాన్ని పిల్లల చేత మూత తీయించకూడదు, మధ్యాహ్న భోజనం గిన్నెలు కడిగే తొట్టిలో పారబోయకూడదు. పెద్దవాళ్లు చేతి తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు పోసి కొంతసేపు ఉంచి, ఆ తర్వాతే పారేయాలి. కిట్ నిల్వ కూడా అంతే ముఖ్యం. ఇలాంటి పట్టీలకు, మందులకు గడువు తేదీ ఉంటుంది, వేడి పడదు. మే నెలంతా రేకుల షెడ్డులో బీరువాలో ఉడికిన కిట్ జూన్‌లో చెప్పే మాటను నమ్మడం కష్టం. సెలవుల్లో దాన్ని ఎవరింట్లో ఉంచాలో ఏప్రిల్‌లోనే అనుకుంటే మంచిది.

ఇక కాగితం ఏ భాషలో ఉందన్న సంగతి. బళ్లారిలో కన్నడంలో, హోసూరులో తమిళంలో, రాయగడలో ఒడియాలో, సోలాపూర్‌లో మరాఠీలో, లేదంటే ఇంగ్లిషులో. అక్కడే పుట్టి పెరిగిన మనవాళ్లకు ఆ లిపి బాగానే వస్తుంది, కొందరికి తెలుగు లిపి కంటే బాగా వస్తుంది. కానీ ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో కోడలిగా వెళ్లిన తల్లికి రాకపోవచ్చు, నీళ్లు పట్టేది ఆమే. శిక్షణ పొందే ఐదుగురిలో అలాంటి తల్లి ఉంటే ఎవరు చదివి చెబుతారు? మేము అనుకునేదేమిటంటే, తెలుగు మాధ్యమం పిల్లల చేత ఆ కాగితాన్ని రాష్ట్ర భాష నుంచి తెలుగులోకి రాయించి కుళాయి పక్కన అంటిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. రెండు భాషలు చదివే పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే అనువాద పాఠం దొరకదు. టీచరు సరిచూసి సంతకం పెడితే సరి.

తల్లిదండ్రుల సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు కిట్ ఏ కంపెనీది అన్నదానితో మొదలుకావు. సీసా నల్లబడితే ఆ కుళాయిని ఆపే అధికారం ఎవరిది, ప్రధానోపాధ్యాయుడు ఆ క్షణంలో ఆపవచ్చా, లేక పంచాయతీ నుంచి ఉత్తరం రావాలా? ఆపిన రోజు పిల్లలు తాగేదేమిటి, వంటకు నీళ్లెక్కడివి? నమూనా జిల్లా ప్రయోగశాలకు ఎవరు మోసుకెళతారు, బస్సు ఛార్జీ ఎవరిస్తారు? అక్కడి నుంచి కల్చర్ ఫలితం వచ్చేదాకా కాచిన నీళ్లే అని తరగతి గదిలో ఎవరు చెబుతారు? ఒకే వారంలో ఒకే తరగతిలో ముగ్గురు పిల్లలు విరేచనాలతో సెలవు పెడితే ఆ సంగతి ఆశా కార్యకర్తకు చెప్పే బాధ్యత ఎవరిది? హాజరు పట్టీలో ఆ మూడు ఖాళీలు సీసా నల్లబడకముందే కనిపిస్తాయి. వాటి పక్కన కారణం రాసే అలవాటు ఇప్పటికీ చాలా బడుల్లో లేదు.